సఖీర్ పందిట్లో అక్షింతల పురుగులు

బహ్రెయిన్ నుంచి వచ్చి నెల దాటింది. ఎదురైన ప్రతివాళ్ళూ బంగారం తెచ్చావా అని అడిగారు, అత్తరు తెచ్చావా అని అడిగారు, ఖర్జూరాలు ఇంకా మిగిలాయా అని డబ్బా మూత తీసి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. ఏం చూసొచ్చావని అడిగినవాళ్ళు మాత్రం లేరు. అడక్కపోయినా చెబుతాను. చెప్పేదాకా నా కడుపుమంట చల్లారేలా లేదు.

నేను పల్నాటి మిరప ఊళ్ళలో పొలంబడి నడిపిన మనిషిని. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, పొలంబడి అంటే తెల్లవారగానే రైతుల్నీ వాళ్ళ ఆడవాళ్ళనీ చేలోకి తీసుకెళ్ళి, ఆకులు తిరగేసి, ఏ పురుగు పంటను తింటుందో, ఏ పురుగు ఆ పురుగును తింటుందో చూపించి, చార్టు మీద వాళ్ళ చేతే బొమ్మలు వేయించే బడి. మందుల కొట్టువాడు ఇచ్చిన డబ్బాలన్నీ కలిపి కొట్టే ముందు ఒక్కసారి ఆకు వెనక్కి తిప్పి చూడండయ్యా అని చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. నా చెల్లెలు నాగమణి నన్ను పురుగుల పంతులమ్మ అని వెక్కిరించేది. చివరికి ఆ వెక్కిరింపే నన్ను విమానం ఎక్కించింది.

నాగమణి బహ్రెయిన్‌లో ఇళ్ళల్లో పనిచేస్తుంది. అక్కడే పరిచయమైన గంగారాంను పెళ్ళి చేసుకుంది. అతనిది నిర్మల్ దగ్గర పత్తి పండే ఊరు, బహ్రెయిన్‌లో ఒక తోటల కంపెనీలో కూలి. వాళ్ళ కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, సఖీర్ ఎడారిలో చల్లటి గాజు షెడ్డు కట్టించి అందులో హాప్స్ అనే తీగ వేయించాడు. ఆ తీగకు పురుగు పట్టింది. ఈ పంట పోతే షెడ్డు మూసేసి మనుషుల్ని ఇంటికి పంపేస్తామని ఫోర్‌మాన్ చెప్పాడట.

"ఎటూ నన్ను చూడ్డానికి వస్తానంటున్నావుగా అక్కా, ఇప్పుడే రా. ఆ తీగని కూడా ఒకసారి చూసిపో" అంది నాగమణి ఫోనులో. నేను భూతద్దం ఒకటి చీరల మధ్య పెట్టుకుని బయల్దేరాను.

గుదైబియా

నాగమణి ఉండేది గుదైబియాలో ఒక పాత మేడలో. లిఫ్టు ఉంది కానీ పైకి రావడం మానడం దాని ఇష్టం. ఒక గదిలో నలుగురు ఆడవాళ్ళు, ఒకదాని మీద ఒకటి మంచాలు. మిగతా ముగ్గురూ కోనసీమ వాళ్ళే, అందరిదీ ఇంటిపనే. వాళ్ళలో ఒకామె తన మంచం నాకిచ్చి తను కింద పడుకుంది. వద్దంటే వినలేదు. "మా అక్క వత్తే మీరివ్వరేంటండీ" అంది.

"మరి గంగారాం ఎక్కడ ఉంటాడే?" అని అడిగాను.

"సల్మాబాద్ క్యాంపులో. కంపెనీ రూము అక్కడ."

"నువ్విక్కడా?"

"ఊఁ. శుక్రవారం కలుస్తాం. కింద కెఫెటీరియాలో కూచుని చాయ్ తాగుతాం, సముద్రం దాకా నడిచొస్తాం."

తాళి కట్టిన మొగుడూ పెళ్ళామూ వారానికోసారి చాయ్ కొట్టులో కలుసుకోవడమేమిటని నాకు ఒళ్ళు మండింది. నాగమణి నవ్వింది. దీనికే అలిగితే ఎట్లా అక్కా, కొంతమంది రెండేళ్ళకోసారి కలుస్తారు, మేం నయం కాదూ అంది. మనుషులు దేనికైనా అలవాటు పడతారు, అదే నాకు నచ్చనిది.

మర్నాడు పొద్దున్నే నాగమణి పనిచేసే ఇంటి మేడం నాకోసం ఒక గిన్నె పంపింది. మూత తీస్తే పైన ఆమ్లెట్. ఆమ్లెట్ ఎత్తితే కింద తియ్యటి సేమ్యా, యాలకులూ కుంకుమపువ్వూ వేసింది. పాయసం మీద కోడిగుడ్డు కప్పి పంపడమేమిటి, పండగకి వండారా, పథ్యానికి వండారా అని నేను గొణుగుతూనే ఉన్నాను. ఇక్కడ పెద్దవాళ్ళింట్లో టిఫిన్ ఇదేనట. రెండు ముద్దలు తిన్నాక గొణగడం ఆపాను, గిన్నె ఖాళీ అయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను.

సాయంత్రం కూరగాయల కొట్లో కరివేపాకు కట్ట ఖరీదు అడిగి, అది నిజమో కాదో తెలుసుకోవడానికి ఇంకోసారి అడిగాను. మా పెరట్లో మేకలు కూడా తిని విసుగెత్తిన ఆకు అది. కొట్టువాడు మలయాళీ. నా ముఖం చూసి జాలిపడి రెండు రెమ్మలు ఊరికే ఇచ్చాడు. ఊరికే తీసుకున్నందుకు ఇంకా కోపం వచ్చింది. పక్కన రొట్టెల పొయ్యి దగ్గర అందరూ వేడి రొట్టెల్ని వట్టి కాగితం మీద వేసుకుని పోతున్నారు. నేను చేత్తో పట్టుకోబోయి వేళ్ళు కాల్చుకున్నాను. రొట్టె కిందపడింది. పొయ్యి దగ్గరి ముసలాయన ఇంకొకటి తీసి, దాన్ని కాగితం మీద పెట్టి, ఆ కాగితాన్ని నా రెండు చేతుల్లో పెట్టాడు.

సల్మాబాద్

శుక్రవారం గంగారాం వచ్చి మమ్మల్ని క్యాంపుకి భోజనానికి తీసుకెళ్ళాడు. సల్మాబాద్ అంతా గారేజీలు, గోదాములు, వాటి మధ్య కూలీల క్యాంపులు. సెలవు రోజు కాబట్టి షట్టర్లు దించేసి ఉన్నాయి. కూలీల్ని పనికి తీసుకెళ్ళి తీసుకొచ్చే కంపెనీ బస్సులు వరసగా నిలబెట్టి, వాటి అద్దాల మీద తడి లుంగీలు ఆరేశారు.

గంగారాం గదిలో అందరూ నిర్మల్, జగిత్యాల వైపు వాళ్ళే. గంటెలు తిప్పేది మగవాళ్ళు, కూచుని తినేది మేమిద్దరం. మటన్, పచ్చిపులుసు, జొన్నరొట్టె. అంత పచ్చిపులుసు తాగి నాకు మా ఊరి చారు మీద విరక్తి పుట్టింది. మధ్యలో గంగారాం వాళ్ళమ్మ ఫోన్ చేసింది. దుబాయిల మావోడెట్లున్నడు అని నన్నడిగింది. ఇది దుబాయి కాదమ్మా, బహ్రెయిన్ అన్నాను. ఏదైతేంది బిడ్డా, మావోడున్నదే దుబాయి అంది.

తిన్నాక తీగ సంగతి ఎత్తాను. గంగారాం ముఖం వెలిగింది.

"మందు గొట్టొద్దన్నడు వదినా కఫీల్. ఆ పువ్వులు చాయ్‌ల ఏస్తరట, మందు తగిలితే ఎవ్వలు కొనరట. గందుకే మమ్ముల చేతితోని ఏరమన్నరు. మేం ముగ్గురం ఏరుతం. నేనైతే దినాం సీసా నింపుత. అందరికన్న నాదే ఎక్కువ."

"పురుగు ఎట్లా ఉంటుంది?"

"గింతంత ఉంటది. మస్తు ఉరుకుతది."

నేను అప్పటికి ఆకు ఫొటోలు చూసే ఉన్నాను. జిగురు కారిన ఆకులు, కొసలు ముడుచుకున్న చిగుళ్ళు. చూడగానే పేనుబంక అనుకున్నాను. మిరపలో, పత్తిలో వచ్చేదే. కానీ పేనుబంక ఉరకదు. పట్టుకున్న చోటే కూచుని ఆకు రసం పీలుస్తుంది. ఉరికేది ఇంకేదో ఉందన్నమాట. రేపు చూద్దాంలే అనుకున్నాను. గంగారాం గదివాళ్ళు అతన్ని ఆటపట్టిస్తూ పురుగుల పటేల్ అంటున్నారు. అతను సిగ్గుపడుతూనే ఆ పేరు బాగానే మోస్తున్నాడు.

"పత్తి చేన్ల పుట్టినోన్ని వదినా. చిన్నప్పటి సంది కాయతొలుచు పురుగులు ఏరుడే నా పని. ఆకు మీద పురుగు కనవడితే నా చెయ్యి ఊకోదు" అన్నాడు.

సఖీర్

మర్నాడు షెడ్డుకు నన్ను తీసుకెళ్ళడానికి ఫోర్‌మాన్ సత్తిబాబు ఒప్పుకున్నాడు. భీమవరం వైపు మనిషి, మాట మెత్తన. వడ్డించేవాడు మనవాడే కదా అని నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఎడారిలో కారు పోతుంటే దూరం నుంచి రొద వినిపించింది. కార్ల పందేలు జరిగే చోటట, ఆ రోజు ఎవరో బండ్లు పరీక్షిస్తున్నారట. చుట్టూ ఇసుక, ఒక పక్క పశువుల కోసం నీళ్ళు పెట్టి పెంచిన లూసర్న్ గడ్డి మడి, దాని పక్కనే గాజు షెడ్డు. లోపలికి అడుగుపెడితే శీతాకాలం పొద్దున మా ఊరి కాలవ గట్టు మీద ఉన్నంత చల్లగా ఉంది.

హాప్స్ తీగను నేను అదే మొదటిసారి చూడటం. నేల నుంచి కప్పు దాకా తాళ్ళు కట్టారు, తీగ వాటిని చుట్టుకుని పైకి పాకింది. ఆకు ద్రాక్షాకులా ఉంది. కాండం మీద నూగు ఎంత గరుకంటే, చెయ్యి తగిలితే గీరుకుపోతుంది. గంగారాం మోచేతుల మీద గీతలు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. పువ్వు పొలుసులు పొలుసులుగా ఉండే చిన్న పచ్చ బుడిపె, నలిపితే చేదు వాసన. ఇది కాచి తాగితే నిద్ర పడుతుందని కఫీల్ నమ్మకం.

"బీరులో చేదు కోసం ఏసేది కూడా ఇదేనండి" అన్నాడు సత్తిబాబు గొంతు తగ్గించి. బీరుకి సేవ చెయ్యడానికి నేను సముద్రం దాటి వచ్చానన్నమాట.

ఆకు తిప్పాను. అనుమానం లేదు, పేనుబంకే. లేతాకుపచ్చ చుక్కలు ఆకు అడుగున ఈనెల వెంబడి కిక్కిరిసి ఉన్నాయి. వాటి జిగురు కింది ఆకుల మీద కారి, దాని మీద మసి పట్టింది. ఇంకొన్ని ఆకులు రంగు పోయి గోధుమ వర్ణానికి తిరిగాయి, భూతద్దం పెడితే సన్న గూడు, అందులో ఆకు రసం పీల్చే నల్లి. తాళ్ళ మొదట్లో చీమల బారు. చీమ పేనుబంక జిగురు తాగుతుంది, తాగుతున్నంత కాలం దాన్ని ఎవరూ తినకుండా కాపలా కాస్తుంది. మొక్కల మొదట్లో యూరియా పలుకులు. పచ్చగా ఉండాలని యూరియా వేస్తే మొక్క కన్నా ముందు పేనుబంక బలుస్తుంది. ఇన్ని కళ్ళ ముందు పెట్టుకుని వీళ్ళు ఏరుతున్నదేమిటి.

"నీ సీసా చూపించు" అన్నాను గంగారాంతో.

గంగారాం పరుగున వెళ్ళి తెచ్చాడు. నీళ్ళ సీసాలో సబ్బు నీళ్ళు, అందులో సగం దాకా పురుగులు. నల్లటివి, ముడతల ఒళ్ళు, వీపు మీద నారింజ రంగు మచ్చలు, ముందు వైపు ఆరు కాళ్ళు. మొసలి పిల్లను గింజంత చేస్తే అలా ఉంటుంది. ఒక్క పేనుబంక లేదు ఆ సీసాలో.

అక్కడే మట్టి మీద కూచున్నాను.

"ఇవి అక్షింతల పురుగు పిల్లలు గంగారాం" అన్నాను.

అక్షింతల పురుగు తెలియని రైతు లేడు. ఎర్రటి డొప్ప, నల్ల చుక్కలు. పక్కనున్న లూసర్న్ మడిలోంచి గాలి కిటికీల గుండా లోపలికి వచ్చి ఇక్కడ గుడ్లు పెట్టాయి. పెద్ద పురుగూ, దాని పిల్లా, రెండూ తినేది పేనుబంకనే. పిల్ల ఇంకా ఆబగా తింటుంది. ఈ దేశంలో ఎవరూ పిలవకుండా, కూలి అడక్కుండా వచ్చి పనిలో దిగిన వాళ్ళని వీళ్ళు రోజూ ఏరి సబ్బు నీళ్ళలో ముంచుతున్నారు.

గంగారాం నమ్మలేదు. "అక్షింతల పురుగును నేను ముట్ట వదినా. కనవడితే మెల్లగ తీసి ఆకు మీదనే పెడుత. మా అవ్వ పెండ్లి పురుగు అంటది దాన్ని, సంపితే పాపం. గీ నల్లది గట్ల లేదు గదా."

అదీ జరిగింది. తల్లిని కళ్ళకద్దుకుని ఆకు మీద పెట్టాడు, దాని పిల్లల్ని రోజూ సీసాలో వేశాడు. పత్తి చేలో పెరిగినవాడికి ఆకు మీద పాకేదంతా శత్రువే. ఎవరైనా ఒక్కసారి చెప్పి ఉంటే ఆ చెయ్యి ఆగేది. నేను సత్తిబాబు వైపు తిరిగాను.

"ఈ పురుగునే ఏరమని ఎవరు చెప్పారు?"

"ఆకు మీద కనపడ్డయ్యే ఏరమన్నామండి. నేనేవన్నా పురుగుల డాక్టర్నా?"

"మరి అడగాలిగా ఎవరినన్నా."

"అడిగితే ఫోర్‌మాన్‌వి నీకే తెలీదా అంటారండి. అప్పుడు నా ఉజ్జోగం పోద్ది."

ఒక గాజు గ్లాసు తెప్పించాను. పేనుబంక పట్టిన చిగురు ఒకటి అందులో వేసి, ఆకు మీద పాకుతున్న ఒక నల్లపిల్లను మెల్లగా దింపి, మూతికి కర్చీఫ్ కట్టాను. ముగ్గురం వంగి చూశాం. అది కాసేపు అటూ ఇటూ తిరిగింది, తర్వాత మొదలుపెట్టింది. ఒకదాన్ని పట్టి పీల్చి, తొక్క వదిలి, ఇంకోదాన్ని పట్టింది. గంగారాం భూతద్దం నా చేతిలోంచి తీసుకుని చూశాడు. చూసి నా చేతికిచ్చేసి, పక్కకు పోయి తన సీసాను ఒక మూలకి నెట్టాడు.

"ఇప్పుడే కఫీల్‌తో మాట్లాడాలి" అన్నాను.

గంగారాం నా దగ్గరికి వచ్చాడు. "ఇయాల వద్దు వదినా. శుక్రవారం నాగమణి ఉంటది, మాట్లాడుకుందం. తర్వాత చెప్దం" అన్నాడు.

శుక్రవారం దాకా ఆగితే ఇంకెన్ని పిల్లలు సీసాలో పడతాయో అన్నాను నేను. నా చేతిలో గ్లాసు ఉంది, కళ్ళ ముందు రుజువు ఉంది, కోపం ఒంటి నిండా ఉంది.

కఫీల్ మజ్లిస్

కఫీల్ ఇల్లు అక్కడికి దగ్గరే. మజ్లిస్ అంటే అతిథుల్ని కూచోబెట్టే పెద్ద గది, గోడల చుట్టూ నేల మీద పరుపులు. కఫీల్ నడివయసు మనిషి, హిందీ బాగా మాట్లాడతాడు, నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కూలివాడి చుట్టమని తెలిసీ లేచాడు. అది చూసి, ఇతనితో న్యాయం మాట్లాడొచ్చు అనుకున్నాను.

చిన్న పింగాణీ కప్పులో కాఫీ పోశారు. పాలు లేవు, చక్కెర లేదు, యాలకుల కషాయం. మర్యాదకి తాగాను. మళ్ళీ పోశారు. మర్యాదకి మళ్ళీ తాగాను. పోసేవాడు నా పక్కనే నిలబడి కప్పు ఖాళీ అవడమే తరువాయి నింపుతున్నాడు. పేనుబంక గురించి చెబుతూ, చీమల గురించి చెబుతూ, యూరియా గురించి చెబుతూ ఎన్ని తాగానో తెలియదు. చివరికి సత్తిబాబు నా చెవి దగ్గరికొచ్చి, "కప్పు అటూ ఇటూ ఊపండి, అప్పుడు చాలని అర్థం" అన్నాడు. ఊపాను. గుండె దడదడలాడుతోంది, అది కాఫీకో కోపానికో చెప్పలేను.

గ్లాసు కఫీల్ ముందు పెట్టాను. అందులో పేనుబంక సగం ఖాళీ అయింది. అతను చాలాసేపు చూశాడు, ఫోనులో ఫొటో తీసుకున్నాడు. తర్వాత అడిగాడు.

"వీటిని ఏరింది ఎవరు?"

"ముగ్గురున్నారు సార్. అందరికన్నా ఎక్కువ ఏరేది ఇతనే, గంగారాం" అన్నాడు సత్తిబాబు వెంటనే. నిన్న గంగారాం మెప్పుగా చెప్పుకున్న మాట ఒక్క క్షణంలో ఫిర్యాదు అయింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

నేను ఊరుకోలేదు. "ఏరమన్నారు, ఏరాడు. ఏది ఏరాలో చెప్పాల్సింది మీరు. చెప్పకుండా పని చేయించుకుని తప్పు అతని మీద పెడితే నేను ఒప్పుకోను" అన్నాను. కఫీల్ నవ్వి, మీరు చెప్పింది సరైనదే, సోదరీ అన్నాడు. ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. చెప్పాను. ఏరడం ఈ పూట నుంచే ఆపాలి. కింది ఆకులు మోకాలు దాకా తీసెయ్యాలి, నల్లి అక్కడి నుంచే ఎక్కుతుంది. రోజూ పొద్దున ఆకుల అడుగున నీళ్ళు జోరుగా కొట్టాలి. తాళ్ళ మొదట్లో జిగురు పట్టీ చుట్టి చీమల్ని ఆపాలి. యూరియా ముట్టకూడదు. అప్పటికీ మితిమీరితే పువ్వు రాని కొమ్మల మీద మాత్రం వేపనూనె, సబ్బు నీళ్ళు, సాయంత్రం పూట. అన్నీ వింటూ అతను ఖలాస్, ఏరడం ఖలాస్ అన్నాడు.

బయటికి వచ్చాక నేను గెలిచినట్టే నడిచాను. గంగారాం నా వెనక వస్తున్నాడు. నేను వెనక్కి తిరిగి అతని ముఖం చూడలేదు, ఇప్పుడు గుర్తు చేసుకోబోతే ఏమీ గుర్తు రావడం లేదు.

మళ్ళీ సఖీర్

ఆ తర్వాత రోజూ కంపెనీ బస్సులోనే షెడ్డుకు వెళ్ళాను. మందు వద్దు, పురుగు కావాలి అనే మనిషిని వాళ్ళెవరూ అంతవరకు చూడలేదు. కింది ఆకులు తీసేవాళ్ళకు చేతి తొడుగులు ఇమ్మని సత్తిబాబుతో పోట్లాడి ఇప్పించాను. ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదంటే, అడగలేదండి అన్నాడు. అడిగితేగాని చేతులకు తోలు ఉందని తెలియదా అన్నాను. తలొంచుకున్నాడు, మర్నాడు ఇంకో జత తెచ్చాడు.

గంగారాం ఎంత తొందరగా నేర్చుకున్నాడో చెప్పాలి. ఆకు అడుగున అక్షింతల పురుగు నిలబెట్టిన పసుపుపచ్చ గుడ్ల గుంపు కనిపిస్తే ఆ తీగకు గుడ్డపీలిక కట్టి, అటు నీళ్ళు కొట్టకుండా మిగతావాళ్ళని ఆపేవాడు. లూసర్న్ మడిలోంచి నల్లపిల్లల్ని ఆకుతో సహా తెచ్చి పేనుబంక దట్టంగా ఉన్న చోట వదిలేవాడు. పోయినవారం సీసాలోకి పోయిన చెయ్యి ఇప్పుడు ఒక్కొక్కదాన్ని చిగురు మీద దించుతోంది. "తెల్వక సంపిన వదినా" అన్నాడు ఒకసారి. నేను తిరుగు ప్రయాణమయ్యే వారానికి చిగుళ్ళు తెరుచుకోవడం మొదలైంది. జిగురు తగ్గింది. కఫీల్ వచ్చి చూసి, తన స్నేహితుల్ని తీసుకొచ్చి చూపించి, నాకు పెద్ద డబ్బా ఖర్జూరాలు పంపాడు. మా ఊళ్ళో మూత తీసి చూసింది ఆ డబ్బానే.

మళ్ళీ గుదైబియా

నా ప్రయాణానికి ముందు రోజు శుక్రవారం. కింద కెఫెటీరియాలో నాగమణీ నేనూ కూచున్నాం. గంగారాం ఆలస్యంగా వచ్చాడు, కూచుని చాయ్ చెప్పాడు, వచ్చిన చాయ్ ముట్టుకోలేదు.

"పురుగులు ఏరే పని లేదంట ఇగ. ముగ్గురు మనుషులు ఎందుకు, ఒక్కడు సాలు నీళ్ళు కొట్టనీకి అన్నడంట కఫీల్. నా వీసా ఈ నెలతోని అయిపోతది గదా, మల్ల ఎయ్యరంట. సత్తిబాబు చెప్పిండు."

"నిన్నే ఎందుకు? నేర్చుకున్నది నువ్వు కదా" అన్నాను.

"అందరికన్న ఎక్కువ సంపినోన్ని నేనే గదా వదినా."

నేను లేచాను. అప్పుడే సఖీర్ పోతానన్నాను, ఆ మజ్లిస్‌లో కూచుని కప్పు ఊపకుండా తెల్లవార్లూ పోట్లాడతానన్నాను. ఏరు దాటి తెప్ప తగలేస్తారా అన్నాను. నిజానికి సత్తిబాబుకి ఫోన్ చేశాను కూడా. కఫీల్ ఊళ్ళో లేడండి, సౌదీ వంతెన దాటి పోయాడండి, అయినా ఆయన మాటంటే మాటేనండి, నన్నేం చెయ్యమంటారు అన్నాడు. చూడగానే లేచి నిలబడి గౌరవం ఇచ్చే మనిషి, కాఫీ పోయించే మనిషి, అంత తేలిగ్గా ఒక సంసారాన్ని సముద్రానికి చెరోవైపు నెట్టేస్తాడని నాకు తట్టలేదు. మంచి పురుగు వచ్చి పని అందుకుంది కాబట్టి మనిషి అక్కర్లేదట. ఆ పురుగు ఏదో చూపించిన మనిషికి ఖర్జూరాలట. ఆ పురుగును ఇప్పుడు గుర్తుపట్టగలిగిన ఒక్క కూలివాణ్ణి మాత్రం విమానం ఎక్కిస్తారట. రేపు లూసర్న్ కోసేశాక అక్షింతల పురుగులు రాకపోతే ఎవరిని అడుగుతారు వీళ్ళు. ఇంత అన్యాయం చూసి కూడా కోపం రానివాడు మనిషి కాడు అని అక్కడే, చాయ్ కొట్లో, అందరూ వినేలా అన్నాను.

నాగమణి నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. అది ఏడవలేదు. నాకేసి చూసి నెమ్మదిగా అంది.

"నువ్వు చెప్పింది తప్పు కాదక్కా. తీగ బాగుపడింది, నేను కాదనను. కానీ ఏరడం ఆపమంటే ఆ ఏరే మనిషి ఏమవుతాడని నువ్వు ఒక్క మాట అనుకోలేదు. ఆయన ఆగమన్నాడంటగా. నాకు ఫోన్ చేసినా చెప్పేదాన్ని, ముందు వీసా రెన్యువల్ కానిచ్చి తర్వాత చెబుదామని. నెల ఆగితే పోయేదేముంది, నాలుగు పురుగులు."

"నాలుగు కాదు" అన్నాను. నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది, చూడండి. పురుగుల లెక్క.

నాగమణి చెయ్యి తీసేసింది. గంగారాం తన చాయ్ నా ముందుకు జరిపి, చల్లారిపోతది వదినా, తాగు అన్నాడు.

గంగారాం ఇప్పుడు నిర్మల్‌లో ఉన్నాడు. నాగమణి గుదైబియాలో ఉంది. ఇంకో కంపెనీ వీసా కోసం తిరుగుతున్నారు, అది వస్తుందో రాదో తెలియదు. కఫీల్ మీద నా కోపం అలాగే ఉంది, సత్తిబాబు మీద అలాగే ఉంది, మనిషి మెడకి వీసా కట్టి అది విప్పడం బిగించడం ఒకడి చేతిలో పెట్టిన ఏర్పాటు మీద ఇంకా ఎక్కువ ఉంది. అక్షింతల పురుగు పిల్లల్ని ఎవరైనా సీసాలో వేస్తుంటే మళ్ళీ ఆపుతాను, ఎక్కడైనా ఆపుతాను. కాకపోతే ఆ మాట కఫీల్ మజ్లిస్‌లో చెప్పే ముందు, ఆ సీసా ఎవరి చేతిలో ఉందో అతని భార్యతో చెబుతాను.